సూర్యాపేటలో గోధుమ రంగు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నేను సూర్యాపేటలోని ఒక చిన్న బడిలో ఒకటో తరగతి పంతులుగా చేరాను. అంతకుముందు మా వంశంలో జీతానికి పనిచేసినవాడు లేడు. భూమి సగం మా తాత వ్యాజ్యాల్లో కరిగిపోయింది. మిగతా సగం ఆ గొడవల ఏళ్లలో చేతులు మారింది. మేముండే కోటలాంటి గడీ కప్పు ఒక వానకు, గోడలు మరొక వానకు కూలాయి. నేనూ మా మేనత్తా సూర్యాపేట వచ్చి ఒక పెంకుటింట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. మమ్మల్ని దొర అని పిలిచేవారు లేరు. అయినా వీధిలో నడిచేటప్పుడు నేను మెడ వంచలేదు. ఇంట్లోకి వచ్చేటప్పుడు ఒకటి రెండుసార్లు గుమ్మం తలకు తగిలింది కూడా.

ఉద్యోగం తాత్కాలికం. నల్లగొండ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి తరగతిని పరీక్షించాలి. ఆయన సరేనంటే ఖాయం, కాదంటే మిర్యాలగూడ.

మిర్యాలగూడలో మా అక్క ఉండేది. ఆమె భర్తకు అక్కడ రైసుమిల్లు ఉండేది. పెళ్లినాడు మా గడీ మెట్ల కింద చెప్పులు విడిచి, తలెత్తి చూడటానికి కూడా జంకిన మనిషి ఆయన. ఇప్పుడు నన్ను తన మిల్లులో కూర్చోబెట్టి బస్తాల మీద ముద్రలు వేయించాలని ఆయనకు ఎంతో ముచ్చట. ఆ ముచ్చట తీర్చడం కంటే ఆకలితో చావడం మేలనుకున్నాను. మా అత్త మాత్రం, "సచ్చేముందు నాకు చెప్పు అల్లుడా, బియ్యం తక్కువ పోస్త" అన్నది.

ఒకరోజు బావ దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన మాట్లాడినట్టే రాసేవాడు.

"బావమర్దికి ఆశీస్సులు. మీ ఇన్‌స్పెక్టరు మొన్న గీడికి వచ్చిండు. ఒకటో తరగతిల కొత్త వాచకం పట్టుకొని రంగులు అడిగిండు. పోరగాండ్లు ఎరుపు చూపిన్రు, పచ్చ చూపిన్రు. గోధుమ రంగు ఏదిరా అంటే ఒకడు ఆకాశం చూపిండట. పంతులును ఇంటికి తోలిన్రు. ఇగ పదిహేను దినాలల్ల మీ సూర్యాపేటకే వస్తడట. మిల్లుల నీకు ఒక కుర్చీ తుడిపిచ్చి పెట్టిన. తొందరేం లేదు."

ఉత్తరం మడిచి వాచకం తెరిచాను. అంతకుముందు బడిలో చదువంతా ఉర్దూలో నడిచేది. ఈ తెలుగు వాచకం అప్పుడే వచ్చింది. అందులో రంగుల పాఠం ఉన్నమాట నిజమే. ఎరుపు, పసుపు, పచ్చ, నీలం, గోధుమ రంగు అని వరుసగా అయిదు గుండ్రాలు వేశారు. పుస్తకమంతా నల్ల సిరాతో అచ్చయింది కాబట్టి అయిదు గుండ్రాలూ నల్లగానే ఉన్నాయి.

చిక్కు పుస్తకంతోనే కాదు. మా వైపు గోధుమ రంగు అనే మాట ఎవరి నోటా లేదు. ఆ రంగు ఆవును ఎర్రావు అంటారు, కుక్కను ఎర్రకుక్క అంటారు. కొంచెం ముదురుగా ఉంటే నల్లది, కొంచెం లేతగా ఉంటే తెల్లది. వడ్లూ జొన్నలూ పండే ఊళ్లలో ఆ రంగుకు గోధుమల పేరు పెట్టినవారు ఎవరో గాని, వాళ్లు సూర్యాపేట చూసి ఉండరు.

అయినా గోధుమలే చూపిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. బజారులో గోధుమరొట్టెలు తినే ఇళ్లకు సరుకు అమ్మే కొట్టు ఒకటి ఉండేది. అక్కడ గోధుమలు కొని రుమాలులో కట్టి బడికి తీసుకుపోయాను. నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరి చేతిలో పది గింజలు పెట్టాను.

"ఇవి గోధుమలు. వీటి రంగే గోధుమ రంగు."

"వడ్లు గద సారూ" అన్నాడు ముందు వరుసలోని బొద్దుపిల్లవాడు.

"వడ్లు కావు."

"పొట్టు తీసిన వడ్లు."

"పొట్టు తీస్తే బియ్యమైతయిరా. గంత ఎరుక లేదా నీకు" అన్నాడు పక్కవాడు.

"మరి గివేంది?"

"సారు చెప్పిండు గద. గోధుమలట. ఎట్లుంటయో నమిలి సూడు."

ఒకడు నమిలాడు. కాసేపటికి వాడి మొహంలో ఏదో గొప్ప సంగతి తెలిసిన వెలుగు వచ్చింది. "జిగురైతున్నది సారూ" అన్నాడు. ఆ మాట అయ్యేలోగా నలభై నోళ్లూ ఆడుతున్నాయి. పచ్చి గోధుమలు నమిలితే బంకలా సాగుతాయని నాకు తెలియదు. మా గడీలో గోధుమలు పిండిగానే వచ్చేవి. ఆ రోజు రెండో ఎక్కం నేనొక్కణ్ణే అప్పజెప్పాను. పిల్లలు దవడలు అతుక్కుపోయి, చాలా శ్రద్ధగా తలలు ఊపారు. సాయంత్రానికి తరగతిలో ఒక్క గింజ మిగల్లేదు. రంగు ఎవరికీ రాలేదు.

మరునాడు తినలేని వస్తువు కావాలనుకున్నాను. మట్టి గుర్తుకు వచ్చింది. ఇంటి దగ్గరి నుంచి పిడికెడు మట్టి తెమ్మన్నాను. అక్కడా పొరపాటు చేశాను. సగంమంది చెలక నుంచి ఎర్రమట్టి తెచ్చారు, సగంమంది రేగడి నుంచి నల్లమట్టి తెచ్చారు.

"మట్టి అంటే మాదే. మీది బురద" అన్నారు ఎర్రమట్టివాళ్లు.

"మీ దాంట్ల ఏం పండుతది? రాళ్లు పండుతయి" అన్నారు నల్లమట్టివాళ్లు.

మధ్యాహ్నానికి తరగతి నడుమ గీత గీసుకున్నారు. తగవు తీర్చడం మా వంశానికి కొత్త కాదు. రెండు రకాల మట్టినీ ఒక పళ్లెంలో పోయించి, నీళ్లు కలిపించాను. వచ్చింది అచ్చమైన గోధుమ రంగే. నా కళ్లతో చూశాను. కాని పిల్లలు దాన్ని చూడటం మానేసి పూసుకోవడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం ఒక తల్లి కొడుకును చెవి పట్టుకొని తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"బడికి పోరన్ని పంపితే బర్రెను పంపినవేంది సారూ" అన్నది.

అది గోధుమ రంగు పాఠమని చెప్పాను. "రంగు అచ్చినంక తోలు మిగుల్తదా" అని అడిగి పోయింది.

అట్లా వారం గడిచింది. బెల్లం తేవాలనుకొని, ముందే జరగబోయేది ఊహించి మానుకున్నాను. కుండ చూపిస్తే ఎర్రది అన్నారు, అడుగు చూసి నల్లది అన్నారు. చివరికి విసిగి బల్ల మీద చెయ్యి వేసి చెప్పాను: "ఎరుపు కాదు, నలుపు కాదు, పసుపు కాదు. ఆ మూడింటి నడుమ ఉండేది. అట్లాంటిది ఒక్కటి, ఒక్కటి చూపండి."

బట్టలుతికే వారి అమ్మాయి ఒకతె కిటికీ పక్కన కూర్చునేది. ఆరేళ్లుంటాయి. అంతవరకు ఆ పిల్ల గోధుమలు నమలడానికి తప్ప నోరు తెరవలేదు. ఇప్పుడు లేచి నిలబడి చెయ్యి చాపింది.

"మీ కోటు సారూ."

నేను వెనక్కి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. ఆమె చూపుతున్నది నేను తొడుక్కున్న షేర్వానీని. మా తాత హైదరాబాదులో కుట్టించుకున్న షేర్వానీ అది. రోజూ అదే తొడుక్కొని బడికి పోయేవాణ్ణి.

"ఇది నలుపు" అన్నాను.

"నలుపు గాదు సారూ. నలుపంటే నాకెరుకే. మా ఇంట్ల రోజు అందరి బట్టలుంటయి."

తరగతి మొత్తం నా షేర్వానీని చూసింది. నలభై తలలు ఒకేసారి ఊగాయి. గోధుమల దగ్గర, మట్టి దగ్గర, కుండ దగ్గర కుదరని ఏకాభిప్రాయం అక్కడ కుదిరింది. నేను షేర్వానీ అంచు తిరగేసి, లోపల మడత విప్పి చూపించాను. అక్కడ ఇంకా కాటుకలా నల్లగా ఉన్నది.

"చూశారా? ఇదీ దీని అసలు రంగు."

"లోపట నల్లగుంటే మాకేం కనవడుతది సారూ" అన్నది ఆ పిల్ల. మాటలో ఎగతాళి లేదు. జాలి ఉన్నది. అదే భరించలేకపోయాను.

ఇంటికి వెళ్లి అత్తను అడిగాను. "అత్తా, ఈ షేర్వానీ ఏం రంగు?"

ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "ఎప్పటి సంగతి అడుగుతున్నవ్ అల్లుడా? మీ తాత తొడిగిన్నాడు నలుపే."

మరునాటి నుంచి నా తరగతికి గోధుమ రంగు వచ్చేసింది. ఆ మాట నా నోట వస్తే చాలు, నలభై వేళ్లు నా రొమ్ము వైపు లేచేవి. పంతులుగా నాకు సంతోషమే. కాని కళ్లు మూసుకుంటే ఒకటే కనిపించేది. నల్లగొండ నుంచి వచ్చిన పెద్దమనిషి గోధుమ రంగు ఏదని అడుగుతాడు. నా పిల్లలు నన్ను చూపుతారు. మా తాత దర్బారుకు తొడుక్కుపోయిన బట్ట వెలిసిపోయిందని ఒక సర్కారు ఉద్యోగి ముందు నలభై గొంతులు చాటుతాయి. అది జరగకూడదు. రంగు పిల్లలకు ఎట్లాగూ తెలిసిపోయింది, ఇక షేర్వానీతో పనేముంది అనుకున్నాను. దానికి మళ్లీ నల్లరంగు వేయించాలని నిశ్చయించుకున్నాను.

"అద్దకంవాళ్లకియ్యకు. ముంచి తీస్తే పేలికలైతది" అన్నది అత్త. "నేను అద్దుత. గడీల అద్దకంవాళ్లు దిగినప్పుడు దగ్గర కూసోని చూసిన."

ఆమె పద్ధతి ఇది. పాత ఇనుమును బెల్లం నీళ్లలో వారం రోజులు పులియబెట్టాలి. కరక్కాయల కషాయం వేరే కాచి పెట్టుకోవాలి. బట్ట మీద ముందు కషాయం, దాని మీద ఇనుప నీళ్లు అద్దితే నలుపు తిరుగుతుంది. పాత ఇనుము మా దగ్గర ఉన్నది. గడీ పెద్ద తలుపుల కీళ్లు నేను విడిచిపెట్టక వెంట తెచ్చుకున్నాను, ఎప్పటికైనా తలుపులు చేయిద్దామని. వాటిని అత్త కుండలో వేసింది. మూడో రోజుకు కుండ గుడగుడమన్నది. అయిదో రోజుకు పక్కింటాయన గోడ మీది నుంచి తొంగి చూశాడు.

"అత్తమ్మా, కల్లు పెట్టిన్రా ఏంది? నాకు జర చెప్పకపోతిరి."

"కల్లు గాదు, కోటుకు మందు" అన్నది అత్త. ఆయన నమ్మలేదు. ఒక ముంత గోడ మీద పెట్టి పోయాడు.

తనిఖీ రేపనగా ఆదివారం మధ్యాహ్నం అత్త గుడ్డపేలికతో అద్దకం మొదలుపెట్టింది. చూస్తుండగానే మెడపట్టీ నల్లబడింది, రొమ్ము నల్లబడింది, చేతులు నల్లబడ్డాయి. నా కళ్లు చెమర్చాయి. కాని ఆ బట్ట నలభై ఏళ్లు ఎండలో ఎండినది. అద్దినదల్లా తాగేసింది. రెండో చెయ్యి పూర్తయ్యేసరికి కుండ అడుగంటింది. వీపు మొత్తం వెనుకటి రంగులోనే మిగిలింది.

"వారం మళ్లీ పులియబెట్టాలె" అన్నది అత్త. "అయినా నీకు ఎనుక భాగంతోని ఏం పని? సారు ముంగట నిలవడి పాఠం చెప్తవా, ఎనుకకు తిరిగి చెప్తవా?"

ఆ మాట నాకు సబబుగా తోచింది.

సోమవారం పొద్దున్నే బడికి పోయి, ఎవరూ రాకముందే గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. నన్ను ఎగాదిగా చూశారు. షేర్వానీ మీద అప్పటికే రెండు ఈగలు వాలాయి. ఎండ ఎక్కినకొద్దీ బెల్లం నీళ్ల వాసన గది నిండింది. కిటికీ పక్కపిల్ల మెల్లగా అడిగింది.

"సారూ, గోధుమ కోటు ఏమైంది?"

"ఇదే ఆ కోటు" అన్నాను.

ఆమె నమ్మినట్టు లేదు.

ఇన్‌స్పెక్టరు పది గంటలకు వచ్చాడు. భారీ మనిషి. బుగ్గన పాన్. మర్యాదగానే పలకరించి కుర్చీలో కూర్చున్నాడు. ఎరుపు అడిగాడు. పిల్లలు మిరపకాయ అన్నారు. పసుపు అడిగితే పసుపే అన్నారు. పచ్చకు చెట్టు చూపారు. ఆయన తల ఊపి, పుస్తకం మూసి, బావ రాసినట్టే అడిగాడు.

"గోధుమ రంగు ఏది?"

నలభై వేళ్లు నా మీదికి లేచాయి. వాటికి వారం రోజుల అలవాటు.

ఇన్‌స్పెక్టరు నన్ను చూశాడు. "ఎవరు? మాస్టర్ సాబా?"

"కోటు సార్" అన్నారు పిల్లలు.

"అది నలుపు గదరా."

పిల్లలు నావైపు చూశారు. అప్పుడు అర్థమైంది నాకు, నేను ఎంత పని చేశానో. వాళ్లకు వచ్చిన ఒకే ఒక్క గోధుమ రంగును నేనే చెరిపేశాను. బొద్దుపిల్లవాడు నన్ను కాపాడబోయాడు. "మొన్నటిదాక గోధుమ రంగే సార్. ఇయ్యాలనే గిట్లయింది."

ఇన్‌స్పెక్టరు లేచి దగ్గరికి వచ్చాడు. ఒకసారి గాలి పీల్చాడు. మరోసారి పీల్చాడు. ఈగలను చూశాడు. గొంతు తగ్గించి, "మాస్టర్ సాబ్, పొద్దుగాల్నే మొదలువెడతరా?" అన్నాడు.

"నేను కల్లు ముట్టను."

"మరి ఈ వాసన?"

"బెల్లం నీళ్లు."

"పులిసిన బెల్లం నీళ్లు తాగిన్రా?"

"తాగలేదు. తొడుక్కున్నాను."

ఆయన మళ్లీ కుర్చీలోకి పోయి కలం మూత తీశాడు. ఆ మూత తీసిన చప్పుడులో నాకు మిర్యాలగూడ మిల్లు వినిపించింది. బావ ముఖం కనిపించింది. ఒక్క మాట చెబితే చిక్కంతా విడిపోతుంది. కాని అది మా తాత షేర్వానీ పరువు తీసే మాట. కలం కాగితానికి తగలబోయింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, పిల్లలు చెప్పింది నిజం" అన్నాను. "ఈ షేర్వానీ మా తాతది. అప్పుడు నల్లది. వెలిసిపోయి గోధుమ రంగుకు వచ్చింది. ఆ సంగతి నాకు ఈ పిల్లలు చెప్పేదాకా తెలియదు. మీరు వస్తున్నారని నిన్న ఇంట్లో నల్లరంగు అద్దించాను. వాళ్ల పాఠం వాళ్లకు సరిగ్గానే వచ్చు. తప్పు నాది."

ఆయన కలం ఆపాడు. "మాటకేం, ఎవరైనా చెప్తరు" అన్నాడు.

కిటికీ పక్కపిల్ల లేచింది. పక్క నుంచి చూసేది కాబట్టి ఆమెకు అప్పటికే అంతా కనిపించి ఉంటుంది.

"సారూ, జర ఎనుకకు తిరుగున్రి."

నేను కదల్లేదు. మా ఇంట్లో పెద్దమనుషులకు వెన్ను తిప్పడం అమర్యాద అని నేర్పారు. అది కాక వీపు సంగతి నాకు తెలుసు. తరగతంతా ఎదురుచూస్తున్నది. మెల్లగా గోడవైపు తిరిగాను.

"గోధుమ రంగు" అన్నారు నలభై మంది, ఎక్కం చెప్పినట్టు ఒక్క గొంతుతో.

నా ముక్కుకు జానెడు దూరంలో గోడ మీద ఒక బల్లి ఉన్నది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. వెనుక ఇన్‌స్పెక్టరు నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ కిరకిరలాడేంతసేపు నవ్వాడు. తర్వాత గొంతు సవరించుకొని, "సరే. కోటు పక్కకు పెట్టున్రి. గోధుమ రంగుది ఇంకొకటి చెప్పున్రి" అన్నాడు.

ఆ ప్రశ్న నేను ఎన్నడూ వేయలేదు. షేర్వానీ దొరకగానే అక్కడే ఆగిపోయాను. బల్లి కూడా కదల్లేదు. నన్ను ఇటు తిరగమని ఎవరూ అనలేదు కాబట్టి నేను తిరగలేదు.

"మీ బూట్లు" అన్నాడు ఎవరో.

"మీ తోలుసంచి."

"కుర్చీ."

"తలుపు."

"బయట పండుకున్న కుక్క."

"అది ఎర్రకుక్క గాదురా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నిన్నటిదాక ఎర్రది సార్. ఇప్పుడు గోధుమ కుక్క."

ఆయన మళ్లీ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు నడుమ కిటికీ పక్కపిల్ల గొంతు వినిపించింది. చాకిరేవు దగ్గర మరకలు ఎత్తిచూపే గొంతు, తొణకని గొంతు.

"మీ పండ్లు సార్."

నవ్వు అక్కడికక్కడ తెగిపోయింది. ఇక లాభం లేదని నేను ఇటు తిరిగాను. ఇన్‌స్పెక్టరు నోరు మూసుకొని, పెదవులు బిగించి కూర్చున్నాడు. బుగ్గలో పాన్ కదలడం లేదు. నలభై మంది ఆయన నోటివైపు చూస్తున్నారు, మళ్లీ తెరిస్తే సరిచూసుకుందామని. ఆయన తెరవలేదు. నావైపు చూశాడు. నేను మర్యాద తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. కిటికీ బయటికి చూశాను. ఆయన కలం పట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా నాలుగు వరుసలు రాసి, సంతకం చేసి, కాగితం నా చేతికిచ్చి, తల మాత్రం ఊపి లేచాడు.

తరగతికి రంగులు బాగా వచ్చునని, పంతులును ఖాయం చేయవచ్చునని అందులో ఉన్నది. ఆ సాయంత్రమే బావకు కార్డు రాశాను. ఖాయమైందని రాశాను. అంతకు మించి రాయలేదు. అత్త మిగిలిన కరక్కాయలు పక్కింటాయనకు ఇచ్చి, దగ్గుకు మంచివని చెప్పి ముంత వాపసు చేసింది.

ఇన్‌స్పెక్టరు మా బడి నుంచి నేరుగా కోదాడ వెళ్లాడు. నెల తిరిగాక మునగాల దగ్గర బస్సు చెడిపోయి ఆగినప్పుడు, చెట్టు కింద నా పక్కన కూర్చున్నది కోదాడ బడి పంతులేనని మాటల్లో తెలిసింది. మీ తనిఖీ ఎట్లా జరిగిందని అడిగాను.

"బాగానే జరిగిందండీ" అన్నాడాయన. "ఎరుపు అడిగారు, పచ్చ అడిగారు, నీలం కూడా అడిగారు. గోధుమ రంగు దాకా రాగానే గబుక్కున పేజీ తిప్పేశారండీ. మేము పదిరోజుల నుంచి పిల్లలకి అదే నేర్పించాం. పైగా మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడారు. పంటినొప్పి కాబోలనుకొని నేను లవంగం ఇచ్చానండీ."

"తీసుకున్నారా?"

"తీసుకున్నారండీ. కాకపోతే దాన్ని చేతిలో పెట్టుకొని, చాలాసేపు దాని రంగు చూశారు."